కర్నూలు ఎండలో ఇల్లు: ముందు పైకప్పు, ఆ తర్వాతే ఏసీ

మే నెలలో కర్నూలులో రాత్రి తొమ్మిది దాటేసరికి బయట గాలి కొంత చల్లబడుతుంది. అదే వేళ పై అంతస్తు బెడ్‌రూమ్‌లో ఫ్యాన్ వేస్తే మాత్రం వేడిగాలి మొహానికి కొడుతుంది. ఆ వేడి అప్పటి గాలిది కాదు, మధ్యాహ్నపు ఎండది. పగలంతా శ్లాబు పీల్చుకున్న వేడి ఆ వేళకు కిందికి దిగుతుంది. పడమటి గోడ కూడా అదే పని చేస్తుంది. మనిషి పడుకునే సమయమూ, ఇల్లు తన లోపల దాచుకున్న వేడిని వదిలే సమయమూ ఒకటే కావడం రాయలసీమ కాంక్రీటు ఇళ్లకున్న అసలు ఇబ్బంది.

దీనికి ఎక్కువమంది వెతుక్కునే మందు ఏసీ. ఒక టన్ను చాలకపోతే ఒకటిన్నర, అదీ చాలకపోతే రెండు. 42, 43 డిగ్రీలు మామూలైన ఊళ్లో ఏసీ కొనుక్కోవడాన్ని ఎవరూ తప్పుబట్టలేరు. అయితే ఆ ఏసీ ఎంత పెద్దది కావాలి, రాత్రికి ఎన్ని గంటలు తిరగాలి అన్నది తేల్చేది ఇంటి బయటి తొడుగు. పైకప్పు, బయటి గోడలు, కిటికీలు, తలుపులు కలిపి ఇంజనీర్లు బిల్డింగ్ ఎన్వలప్ అంటారు. ఎలివేషన్‌కూ ఫాల్స్ సీలింగుకూ గ్రానైటుకూ పోసే డబ్బులో కొంత ఈ తొడుగు మీద పెట్టొచ్చు, కానీ ఏది ముందు, ఏది వెనుక అన్నది తెలియాలి. కర్నూలు, అనంతపురం, కడపల వరకు ఆ వరస దాదాపు ఒకటే: మొదట పైకప్పు, తర్వాత పడమర, ఆ తర్వాత కిటికీలు, మిగతా గోడలు చివరికి.

ఎండ ఎటు నుంచి కొడుతుంది

కర్నూలు సుమారు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అనంతపురం, కడప 15 డిగ్రీలకు కొంచెం దిగువన ఉన్నాయి. అందువల్ల సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కర్నూలులో మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో మరోసారి. అనంతపురంలో ఏప్రిల్ చివర్లోనే ఆ రోజు వచ్చేస్తుంది. ఈ రెండు తేదీల మధ్య సూర్యుడు పొద్దస్తమానం ఉత్తరం వైపే నడుస్తాడు. అంటే మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా దక్షిణపు గోడకు నేరుగా ఎండే తగలదు. దక్షిణం కిటికీలు పెడితే ఇల్లు కాలిపోతుందని భయపడేవాళ్లు ఈ సంగతి గమనించాలి. ఆ గోడ మీద ఎండ బాగా పడేది చలికాలంలో, అప్పుడు దానితో పెద్ద బాధ లేదు.

వేసవి ఎండను అందరికన్నా ఎక్కువ మోసేది పైకప్పు. ఏప్రిల్, మే నెలల్లో సమతలంగా ఉన్న ప్రతి చదరపు మీటరు మీదా రోజుకు ఆరు నుంచి ఏడు యూనిట్ల సౌరశక్తి పడుతుంది. పడమటి గోడ మీద చదరపు మీటరుకు పడేది సుమారు అందులో సగం. ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు ఉన్న ఒంటి అంతస్తు ఇంటిని తీసుకుంటే పైకప్పు 1,200 చదరపు అడుగులు, పడమటి గోడ 300 నుంచి 400. వైశాల్యాన్నీ ఎండ తీవ్రతనూ కలిపి లెక్కేస్తే పైకప్పు మీద పడే ఎండ పడమటి గోడ మీద పడే దానికి ఆరు నుంచి ఎనిమిది రెట్లు. కర్నూలు పక్కనే ఓర్వకల్లు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టింది ఈ ఎండ కోసమే. అక్కడ కరెంటు ఇచ్చే ఎండే ఊళ్లో కరెంటు బిల్లు పెంచుతోంది.

తూర్పు గోడ మీద కూడా పడమర అంత ఎండే పడుతుంది. కానీ పొద్దున గాలి ఇంకా వేడెక్కదు, గోడ కూడా రాత్రంతా చల్లారి ఉంటుంది. పడమటి గోడకు ఆ వెసులుబాటు లేదు. 40 డిగ్రీల గాలిలో అప్పటికే కాగి ఉన్న గోడ మీద ఎండ పడుతుంది. లెక్కల్లో తూర్పు పడమరలు సమానమైనా మనిషికి తగిలే బాధలో పడమరే ఎక్కువ.

శ్లాబు లెక్క

ఒక పొర గుండా వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే కొలత యూ-విలువ. రెండు వైపులా ఒక డిగ్రీ తేడా ఉంటే ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో అది చెబుతుంది. ఎంత తక్కువైతే అంత మంచిది. మామూలు ఆరు అంగుళాల కాంక్రీటు శ్లాబుకు ఇది సుమారు 3.3 ఉంటుంది. ఇళ్ల కోసం కేంద్రం 2018 డిసెంబరులో తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పుకు 1.2 మించకూడదంటుంది. అంటే మన శ్లాబులు నిబంధన కన్నా రెండున్నర రెట్లకు పైగా వేడిని లోపలికి వదులుతున్నాయి.

పన్నెండడుగుల చదరపు గదికి పైకప్పు 13.4 చదరపు మీటర్లు. మిట్టమధ్యాహ్నం ఎండను కూడా కలుపుకుని పైకీ కిందికీ 30 డిగ్రీల తేడా అనుకుంటే, ఉత్త శ్లాబు గుండా దాదాపు 1,330 వాట్ల వేడి దిగుతుంది. ఒక టన్ను ఏసీ బయటికి తోడగలిగేది 3,500 వాట్లు. అందులో మూడో వంతుకు పైగా ఒక్క శ్లాబుకే సరిపోతుందన్నమాట. అదే పైకప్పు యూ-విలువ 1.2 అయితే దిగే వేడి 480 వాట్లు, 0.5 అయితే 200. శ్లాబు వేడిని నిల్వ చేసి ఆలస్యంగా వదులుతుంది కాబట్టి గంటగంటకూ ఈ అంకెలు ఇలాగే ఉండవు. ఇది మోటు లెక్క. పైకప్పుల మధ్య తేడా ఎంతో తెలియడానికి మాత్రం ఇది చాలు.

మట్టి మిద్దె చల్లదనం, దాని షరతులు

ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా పెద్దవాళ్లు మట్టి మిద్దెలను గుర్తు చేస్తారు. రాతి గోడలు, దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన అడుగు మందాన చౌడుమట్టి, గది మధ్యలో వెలుతురుకూ గాలికీ గవాచి. మధ్యాహ్నం బయట నిప్పులు కురుస్తున్నా లోపల చల్లగా ఉండేది. ఆ మాట నిజమే. కానీ ఆ చల్లదనం ఎలా వచ్చిందో చూడకుండా దాన్ని కాపీ కొడితే బెడిసికొడుతుంది.

ఒకటిన్నర అడుగు మందం నాపరాతి గోడ యూ-విలువ లెక్కేస్తే సుమారు 2.4 వస్తుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు అది దాదాపు 2. అంటే వేడిని ఆపడంలో అంత లావు రాతి గోడ మామూలు ఇటుక గోడ కన్నా మెరుగేమీ కాదు. దాని బలమంతా ఆలస్యంలో ఉంది. ఆరంగుళాల శ్లాబు గుండా వేడి దిగడానికి నాలుగు గంటలు పడితే, అడుగు మట్టి గుండా ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. మధ్యాహ్నపు ఎండ అర్ధరాత్రి దగ్గర పడ్డాక గానీ లోపలికి చేరదు. అప్పటికి ఇంట్లో ఎవరుంటారు? వేసవి రాత్రుల్లో జనం మిద్దె పైనో, అరుగు మీదో, వాకిట్లో మంచాలేసుకునో పడుకునేవాళ్లు. ఇల్లు తన వేడిని ఖాళీ గదుల్లోకి వదిలి, గవాచి గుండా బయటికి పంపి, తెల్లారేసరికి చల్లబడేది.

ఇప్పటి జీవితం దీనికి తలకిందులు. పగలు ఆఫీసులు, బడులు, దుకాణాలు. రాత్రి దోమలకూ దొంగలకూ భయపడి తలుపులు బిగించుకుని లోపల నిద్ర. ఇలాంటి ఇంటికి బరువైన గోడ, బరువైన శ్లాబు మాత్రమే ఉంటే అవి సరిగ్గా ఏసీ వేసే వేళకే వేడిని దించుతాయి. పైగా మట్టి మిద్దెకు ఏటా వానలకు ముందు చౌడు పోయాలి. ముసురు పట్టిందంటే కారుతుంది, నానితే కూలిన ఇళ్లూ ఉన్నాయి. ఆ చాకిరీ చేసేవాళ్లు ఇప్పుడు లేరు. మిద్దె నుంచి నేర్చుకోవలసింది మట్టి కాదు, పైకప్పు మీద ఒక మందపాటి అడ్డు ఉండాలన్న జ్ఞానం.

అడ్డు పైన వేయాలా, కింద వేయాలా

ఎప్పుడైనా సరే పైనే మేలు. శ్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ చేసి, దాని మీద ఎక్స్‌పీఎస్ షీట్లు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలకలు) పరిచి, ఆపైన సన్నని మెష్ పెట్టి పలచటి కాంక్రీటు పొర, ఆఖరున తెల్ల టైల్స్. ఎక్స్‌పీఎస్ ఒక అంగుళం వేస్తే యూ-విలువ 0.9 దగ్గరికి వస్తుంది, రెండు అంగుళాలు వేస్తే 0.5. పఫ్ (పాలీయురేథేన్ ఫోమ్) వేస్తే మందం ఇంకొంచెం తగ్గించుకోవచ్చు. ఇలా చేస్తే శ్లాబు మొత్తం నీడపట్టున ఉంటుంది. పగలు కాగి రాత్రి చల్లారే కొట్లాట తగ్గుతుంది కాబట్టి వ్యాకోచ సంకోచాలతో వచ్చే పగుళ్లు, వాటితో వచ్చే కారుడు కూడా తగ్గుతాయి. వేడి కోసం కాకపోయినా ఈ ఒక్క కారణానికైనా చేయించుకోదగ్గ పని.

కింద వేసే ఫాల్స్ సీలింగు సంగతి వేరు. జిప్సమ్ బోర్డు, దాని పైన ఖాళీ జాగా కలిపి యూ-విలువను సుమారు 2 దాకా తెస్తాయి. ఉత్త శ్లాబు కన్నా నయమే, కానీ పెట్టిన డబ్బుకు తగ్గ ఫలితం కాదు. శ్లాబు మాత్రం ఎప్పట్లాగే 60 డిగ్రీల దాకా కాగుతూనే ఉంటుంది. అపార్టుమెంటు ఆఖరి అంతస్తులో ఉండి, పైన టెర్రస్ మీద హక్కు లేనివాళ్లకు వేరే దారి ఉండదు. అలాంటప్పుడు సీలింగు పైన గ్లాస్‌వూల్ పరిపించుకుంటే ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది. లైట్లూ డిజైన్లూ మాత్రమే ఉన్న సీలింగు అలంకారమే.

వాన నీటి వాలు కోసం శ్లాబు పైన ఇటుక ముక్కల కాంక్రీటు నాలుగు అంగుళాలు వేయించడం కొన్నిచోట్ల ఉంది. అది యూ-విలువను 2.3 దాకా తెస్తుంది. ఇక బండల సంగతి. బేతంచెర్ల, తాడిపత్రి బండలు దగ్గర్లోనే చవగ్గా దొరుకుతాయి కాబట్టి టెర్రస్ మీద పరిస్తే చల్లగా ఉంటుందన్న నమ్మకం ఈ జిల్లాల్లో గట్టిగా ఉంది. కాలికి చల్లగా తగలడానికి కారణం రాయి వేడిని చకచకా లాగేసుకోవడమే. గది నేలకు అది మంచి గుణం. టెర్రస్ మీద అదే గుణం ఎండను చకచకా కిందికి పంపుతుంది. అంగుళం బండ యూ-విలువను గుర్తించదగినంత కూడా మార్చదు. లేత రంగు బండ అయితే కొంత ఎండను వెనక్కి కొడుతుంది. నల్ల కడప బండను టెర్రస్ మీద పరచడం మాత్రం డబ్బిచ్చి వేడి కొనుక్కోవడమే.

తెలుపు, నీడ, నీళ్లు

ఇన్సులేషన్‌కు డబ్బు లేని ఇంటికి మొదటి మందు సున్నం. బూడిద రంగుకు తిరిగిన పాత కాంక్రీటు తన మీద పడిన ఎండలో 65 శాతానికి పైగా పీల్చుకుంటుంది. తాజాగా వేసిన తెల్ల సున్నం లేదా కూల్ రూఫ్ పెయింటు పీల్చుకునేది 20 నుంచి 30 శాతం. మధ్యాహ్నం ఉపరితల ఉష్ణోగ్రతలో ఆ తేడా 15 డిగ్రీలు దాటవచ్చు. లోపం ఏమిటంటే తెలుపు నిలవదు. అనంతపురం వైపు ఎర్రదుమ్ము, గాలి, ఆపైన వాన కలిసి ఏడాదికే దాన్ని మట్టిరంగుకు తెస్తాయి. ఏటా ఫిబ్రవరి చివర్లో ఒకసారి కడిగి, అవసరమైతే మరో కోటు వేయాలి. వానాకాలానికి ముందు వేసుకుని వేసవికి వదిలేస్తే ప్రయోజనం సగమే. విరిగిన తెల్ల టైల్ ముక్కలు అతికిస్తే ఏటా వేసే బాధ తప్పుతుంది, చీపురు పడితే చాలు.

సీమ పట్టణాల్లో శ్లాబు పైన ఇనుప స్తంభాలు లేపి రేకులు వేసుకోవడం చాలా కనిపిస్తుంది. అందంగా ఉండదని ఆర్కిటెక్టులు మొహం చిట్లిస్తారు గానీ వేడి లెక్కలో అది తెలివైన పనే. రేకు ఎండను తన మీద తీసుకుంటుంది, మధ్యలో గాలి ఆడుతుంది, శ్లాబు నీడలో ఉంటుంది. షరతులు రెండు: నాలుగు వైపులా తెరిచి ఉండాలి, రేకు రంగు తెలుపు గానీ లేత రంగు గానీ కావాలి. చుట్టూ గోడలు కట్టేసి దాన్ని ఒక గదిగా మార్చారంటే అది కొలిమి అవుతుంది.

ఈ మధ్య ఆ రేకుల స్థానంలోకి సోలార్ ప్యానెళ్లు వస్తున్నాయి. కేంద్రం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల వ్యవస్థకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ వస్తుంది. మూడు కిలోవాట్లంటే సుమారు 150 నుంచి 200 చదరపు అడుగుల నీడ. అందుకే ప్యానెళ్లను నీళ్ల ట్యాంకు పక్కన ఖాళీ ఉందని ఎక్కడో ఒకచోట పెట్టించకుండా, పడకగది మీదికి వచ్చేలా, కింద గాలి ఆడేంత ఎత్తున పెట్టిస్తే కరెంటుతో పాటు నీడా దక్కుతుంది. ప్యానెల్ వేడెక్కిన ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.35 నుంచి 0.4 శాతం తగ్గుతుంది కాబట్టి కింద తెల్ల శ్లాబు ఉండడం, గాలి ఆడడం ప్యానెల్‌కూ లాభమే.

సాయంత్రం శ్లాబు మీద నీళ్లు చల్లే అలవాటు ఉంది. ఒక లీటరు నీరు ఆవిరవుతూ దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది, అంటే యూనిట్‌లో మూడింట రెండు వంతులు. పొడి గాలి కాబట్టి ఇక్కడ బాగా పనిచేస్తుంది. అయితే ట్యాంకరు నీళ్లు కొనుక్కునే వీధుల్లో రోజూ అన్ని బిందెలు శ్లాబుకు తాగించమని ఎవరూ చెప్పలేరు.

నైరుతి మూల బెడ్‌రూమ్

వాస్తు ప్రకారం ఇంటి యజమాని పడకగది నైరుతిలో ఉండాలి. సీమలో ఈ నియమాన్ని కాదనే ఇల్లు అరుదు. ఉష్ణ లెక్క ప్రకారం ఇంట్లో రాత్రిపూట అన్నిటికన్నా ఎక్కువ కాగి ఉండేది కూడా ఆ గదే. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పడమటి గోడ ఎండ తాగుతుంది, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ దాన్ని ఆరేడు గంటల తర్వాత లోపలికి వదులుతుంది. అంటే సరిగ్గా పడుకునే వేళకు. మంచం తల పడమటి గోడకు ఆనించి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

దీనికోసం వాస్తుతో తగవు పెట్టుకోనక్కర్లేదు. గది నైరుతిలోనే ఉండొచ్చు, దాని పడమటి గోడకు గదికీ మధ్య ఇంకొకటి రావాలి. అటాచ్డ్ బాత్రూమ్, గోడ నిండా వార్డ్‌రోబ్, లేదా డ్రెస్సింగ్ గది. ఇల్లంతా ఇటుకతో కట్టినా ఆ ఒక్క పడమటి గోడను ఏఏసీ బ్లాకులతో (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మెలతో) కట్టించవచ్చు. ఎనిమిది అంగుళాల ఏఏసీ గోడ యూ-విలువ సుమారు 0.7, ఇటుక గోడలో మూడో వంతు. నైరుతిలో బరువు ఉండాలని, ఎత్తు ఉండాలని వాస్తు చెప్పే మాటను వాడుకుని ఆ వైపు పిట్టగోడ లేపించినా, పైన ట్యాంకు పెట్టించినా కొంత నీడ వస్తుంది.

గోడల విషయంలో అసలు తప్పు ఇటుకా బ్లాకా అన్న చోట జరగడం లేదు. జాగా కలిసొస్తుందని బయటి గోడనే నాలుగున్నర అంగుళాలకు కుదించే చోట జరుగుతోంది. అలాంటి గోడ యూ-విలువ 2.8 దాకా వెళుతుంది. ఫారాలు (అచ్చులు) పెట్టి గోడలన్నీ కాంక్రీటుతోనే పోసే కట్టడాలు వేగంగా లేస్తాయి, గట్టిగానూ ఉంటాయి, కానీ ఆరంగుళాల కాంక్రీటు గోడ 3.5కు తగ్గదు. అలాంటి ఇంట్లో పైకప్పు తర్వాత పడమటి గోడకు బయటి నుంచి ఏదో ఒక అడ్డు తప్పనిసరి.

థర్మల్ కేంద్రాల బూడిదతో చేసే ఫ్లై యాష్ ఇటుకలు ఈ ప్రాంతంలో తేలిగ్గా దొరుకుతాయి, ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం ఉండడం అందుకు ఒక కారణం. మట్టి తవ్వకం తగ్గుతుంది కాబట్టి వాడడం మంచిదే. వేడిని ఆపడంలో మాత్రం మట్టి ఇటుకకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏఏసీ గురించి బేల్దార్లు చెప్పే ఫిర్యాదుల్లో నిజం ఉంది: మామూలు సిమెంటు మాలుతో కట్టి, తడపాల్సిన చోట తడపక, పిల్లరు కలిసే చోట మెష్ కొట్టకపోతే పగుళ్లు వస్తాయి. అది పనితనం లోపం. బ్లాకులు అమ్మేవాళ్ల జిగురుతోనే, వాళ్ల కొలతల ప్రకారం కట్టించుకుంటే ఆ తలనొప్పి తగ్గుతుంది.

కిటికీ

మామూలు తెల్ల అద్దం తన మీద పడిన సౌర వేడిలో దాదాపు 80 శాతాన్ని లోపలికి వదిలేస్తుంది. అందుకే అద్దం మందం కన్నా అద్దం మీద నీడ ముఖ్యం. దక్షిణం వైపు నాలుగడుగుల కిటికీకి ఒకటిన్నర అడుగుల సజ్జ ఉంటే మార్చి, సెప్టెంబరు నెలల మధ్యాహ్నాల్లో కూడా కిటికీ మొత్తం నీడలో ఉంటుంది. అదే సజ్జ పడమర వైపు అక్కరకు రాదు. మే నెలలో సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు ఆకాశంలో 30 డిగ్రీల ఎత్తున, నేరుగా ఎదురుగా ఉంటాడు. ఒకటిన్నర అడుగుల సజ్జ అప్పుడు కిటికీ మీద ఒక అడుగు నీడ కూడా వేయదు. మొత్తం కప్పాలంటే ఏడడుగుల సజ్జ కావాలి. అందుకే ఇంటికి నాలుగు వైపులా ఒకే కొలత సజ్జలు గీసే ప్లాన్లను చూస్తే గీసినవాళ్లు సూర్యుణ్ని చూడలేదనిపిస్తుంది. పడమరకు నిలువుగా దిగే అడ్డు కావాలి: చెక్క రెక్కల తలుపులు, వెదురు చాపలు, వట్టివేళ్ల తడికెలు. ఏదైనా సరే అద్దానికి బయట ఉండాలి. లోపలి కర్టెన్ దాకా వచ్చిన ఎండ అప్పటికే గదిలోకి వచ్చేసినట్టే.

ఉత్తరం కిటికీలకూ ఒక చిక్కుంది. జూన్‌లో సూర్యుడు నిజమైన పడమర కన్నా దాదాపు 24 డిగ్రీలు వాయవ్యానికి జరిగి అస్తమిస్తాడు. కాబట్టి సాయంత్రం ఎండ ఉత్తరపు కిటికీలోకి పక్క నుంచి దూరుతుంది. కిటికీకి పడమటి అంచున అడుగు వెడల్పు నిలువు పలక కడితే అది చాలావరకు ఆగుతుంది.

అనంతపురం వైపు ఇంకో సంగతి కలుస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ పడమటి గాలి బలంగా వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు లేచింది అందుకే. ఎండకు భయపడి పడమరను పూర్తిగా మూసేస్తే ఆ గాలీ పోతుంది. రెక్కల తలుపు ఎండను ఆపి గాలిని వదులుతుంది కాబట్టి అక్కడ దానిదే మొదటి స్థానం. కొండల మధ్య పల్లంలో ఉన్న కడపకు అంత గాలి లేదు, రాత్రి వేడీ ఎక్కువే. అక్కడ పైకప్పు ఇన్సులేషన్ మీద ఇంకొంచెం ఎక్కువ ఖర్చు పెట్టినా తప్పు లేదు.

కిటికీ ఎంత పెద్దది అన్నదాని కన్నా అందులో ఎంత తెరుచుకుంటుంది అన్నది చూడాలి. ఎకో నివాస్ సంహిత పొడి వేడి ప్రాంతాల్లో నేల వైశాల్యంలో కనీసం 10 శాతం తెరుచుకునే జాగా ఉండాలంటుంది. పన్నెండడుగుల గదికి అన్వయిస్తే 14.4 చదరపు అడుగులు. నాలుగడుగుల చదరపు కిటికీకి రెక్కలు విప్పుకునే తలుపులు పెడితే, ఫ్రేము పోను, సరిగ్గా అంతే వస్తుంది. అదే కిటికీకి ఇప్పుడు అందరూ పెట్టించుకుంటున్న రెండు పట్టాల యూపీవీసీ స్లైడింగ్ తలుపులు పెడితే తెరుచుకునేది సగమే, ఎనిమిది చదరపు అడుగులు. దోమల మెష్ అందులోంచి ఇంకొంత గాలిని తింటుంది. ఎండాకాలం పొద్దున పదింటికల్లా కిటికీలు మూసి, చీకటి పడ్డాక తెరవడం తరతరాల అలవాటు. తెరిచినప్పుడు సరిపడా జాగా ఉంటేనే గోడలు తెల్లారేలోపు చల్లబడతాయి.

నిబంధన ఎవరికి

వాణిజ్య భవనాల కోసం ఉన్న ఇంధన పొదుపు కోడ్ ఈసీబీసీని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లోనే తన నిబంధనల్లోకి తెచ్చుకుంది. 2017లో సవరించిన కోడ్ ప్రకారం గోడ వైశాల్యంలో అద్దం 40 శాతం మించకూడదు. ఉత్తరం తప్ప మిగతా దిక్కుల అద్దం సౌర వేడిలో 27 శాతం కన్నా ఎక్కువ లోపలికి వదలకూడదు. ఉత్తరపు అద్దానికి 15 డిగ్రీల అక్షాంశం దగ్గర గీత గీశారు: దానికి పైనున్న కర్నూలులో 50 శాతం దాకా వదలొచ్చు, దిగువనున్న అనంతపురం, కడపల్లో ఉత్తరానికి కూడా 27 శాతమే. పడమటి రోడ్డుకు ఎదురుగా అద్దాల ముఖంతో లేస్తున్న షోరూములు, ఆస్పత్రులు ఈ లెక్క చూసుకున్నాయా అన్నది వాటి ఏసీల బిల్లే చెబుతుంది.

ఇళ్ల సంగతికి వస్తే ఎకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే వాటిని దృష్టిలో పెట్టుకుని రాసింది. అంటే 12 సెంట్లకు పైనే. మన పట్టణాల్లో మూడు నుంచి ఐదు సెంట్లలో కట్టే ఇల్లు, పేదల కాలనీల్లో సెంటున్నర లోపు ఇల్లు ఆ గీతకు చాలా దిగువన ఉన్నాయి. ఏసీ కొనుక్కోలేని, కొన్నా తిప్పలేని కుటుంబాలు ఉండేవి ఆ ఇళ్లలోనే. గోడకు గోడ ఆనుకుని ఉండే ఆ వరసల్లో పక్క గోడలకు ఎండ తగిలేది తక్కువ, వేడంతా దిగేది పైనుంచే.

తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చి, ప్రభుత్వ ఇళ్లకూ ఒక స్థాయికి మించిన ప్రైవేటు కట్టడాలకూ చల్లని పైకప్పును షరతుగా పెట్టింది. ఇక్కడి మున్సిపాలిటీలకు మొత్తం కోడ్‌ను ఐదు సెంట్ల ఇంటి మీద రుద్దాల్సిన పని లేదు. ప్లాను మంజూరు కాగితంలో శ్లాబు పైపొర తెల్లగా ఉండాలని, కాలనీ ఇళ్ల అంచనాల్లో ఒక అంగుళం ఇన్సులేషన్‌కు పద్దు ఉండాలని రాస్తే చాలు. ఇల్లు కట్టేవాళ్లు కూడా మేస్త్రితో ఒప్పందం రాసుకునేటప్పుడు "పైన కూలింగ్ వేయాలి" అని వదిలేయకుండా, ఏ షీటు, ఎంత మందం, దాని ఉష్ణ వాహకత ఎంత అన్నది డేటాషీటు చూసి రాయించుకోవాలి. ఆ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. థర్మాకోల్‌కు అది 0.035 పైన ఉంటుంది, ఎక్స్‌పీఎస్‌కు 0.03 దగ్గర. బిల్లులో రెండింటికీ పేరు ఇన్సులేషనే.